వదినగారి బదనిక

విరుదునగర్‌లో మా వదినగారు ఇల్లు పెంచడంకోసం పెరటి వేపచెట్టును కొట్టించవలసి వచ్చినది. దాని కొమ్మమీది బదనికలు రెండు మాకు యిచ్చారు. కోవిల్‌పట్టిదాకా బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చాము.

తొట్టినిండా నల్లరేగడి మన్ను పోసి, ఒకదాన్ని నాటి, పూటపూటా నీళ్లు పోశాము. నెల తిరక్కుండానే వేళ్లు కుళ్లి చచ్చింది. మా ప్రేమే దానికి ఎసరు పెట్టినది. ఇది గాలిలో వేళ్లు చాపుకొని బతికే ఆర్కిడ్ జాతి. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు వాండా టెసెల్లేటా. వాండా అన్నది సంస్కృతపు మాటే. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు దొర 1795లో తన గ్రంథంలో దీన్ని వర్ణించాడు.

"బదనిక పట్టిన చెట్టు బతకదు, పారెయ్యండి" అన్నారు అత్తగారు. చెట్టు రసం పీల్చే బదనిక వేరు. ఇది కొమ్మను పట్టుకొని వుంటుందేగాని తినదు. ఆమెకు నచ్చజెప్పడం మొక్కను పెంచడంకన్నా కష్టమైంది!

రెండవదాన్ని మా వేపకొమ్మకు కొబ్బరినారతో కట్టాము. మా బావినీళ్లు ఉప్పన. అందుచేత పట్టి వుంచిన వాననీళ్లే ఉదయంపూట వేళ్లమీద చల్లేవాళ్లం. తెల్లని వేళ్లు తడవగానే పచ్చబడితే దాహం తీరినట్టు. ఆకుల నడుమ మాత్రం నీరు నిలవకూడదు, మొవ్వు కుళ్లుతుంది.

మూడో యేటి వేసవిలో పూసింది. పసుపుపచ్చ రేకులమీద గోధుమవన్నె గళ్లు, నడుమ ఊదారంగు నాలుక, మంచి వాసన. కబురంపితే వదినగారు వచ్చి చాలాసేపు చెట్టుకింద నిలబడ్డారు. "మా పెరటి వాసన" అన్నారు. వెళ్లేటప్పుడు ఒక పిలక యిమ్మన్నారు. కట్టడానికి అక్కడ చెట్టు లేదుగా అంటే, పాత టేకు పలక ఒకటి దాచి వుంచారట.