అవసరం ఉన్నన్నాళ్లు

2023 సెప్టెంబరు 14న పవన్ కల్యాణ్ రాజమండ్రి సెంట్రల్ జైల్లో చంద్రబాబుని చూసి, బయటికొచ్చి, గేటు దగ్గరే నిలబడి ఈసారి తెలుగుదేశంతో కలిసి పోటీ చేస్తామని చెప్పేశారు. టీవీలో ఆ ముక్క విన్న గాజువాక వాళ్లకి రెండు సంగతులు గుర్తొచ్చి ఉంటాయి. 2019లో ఆయన్ని ఓడించింది తామే. ఆ తర్వాత, 2021 అక్టోబరు 31న, విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని అమ్మొద్దని కూర్మన్నపాలెంలో సభ పెట్టిందీ ఆయనే. ఫ్యాక్టరీలో తన వాటా వందకి వంద శాతం అమ్మేస్తామని ఆ ఏడాది జనవరిలో తీర్మానించిందేమో బీజేపీ నడిపే కేంద్ర ప్రభుత్వం. ఆ పార్టీతో ఆయనకి 2020 నుంచే పొత్తు. 2024 మార్చిలో తెలుగుదేశం కూడా వెళ్లి అదే గూటిలో చేరింది. ప్రత్యేక హోదా ఇవ్వలేదని 2018 మార్చిలో తెంచుకుని వచ్చిన గూడు అది.

జూన్ 4న ఓట్లు లెక్కపెడితే మూడు పార్టీలకీ కలిపి 175లో 164 సీట్లు. అందులో గాజువాకలో పల్లా శ్రీనివాసరావుకి 95 వేల పైచిలుకు మెజారిటీ, రాష్ట్రం మొత్తమ్మీద అదే పెద్దది. ప్లాంటు కోసం 2021 ఫిబ్రవరిలో నిరాహారదీక్ష చేసిన మనిషి ఆయన.

కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన మా బావమరిది ఆ సాయంత్రం నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"అమ్ముతానన్నోణ్నీ, అమ్మనివ్వనన్నోణ్నీ ఒకే మీట నొక్కి గెలిపించీసినాం బావా. ఇప్పుడేటవుతాదంతావు?"

ఏమవుతుందో నాకేం తెలుసు? కానీ ఆశ పెట్టుకోవచ్చనే అన్నాను. అందుకు నేను చూపిన కారణం వాడికి నచ్చలేదు. ఢిల్లీలో బీజేపీ 240 దగ్గర ఆగిపోయింది, కావలసినవి 272, మన దగ్గర తెలుగుదేశానికున్నవి 16. అదీ నా కారణం. "అంటే, మనమీద ప్రేమ కాదన్నమాట" అన్నాడు. ప్రేమ మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు.

ఈ ఊరి చరిత్ర చూసినవాళ్లకెవరికైనా అలాగే అనిపిస్తుంది. 1966లో విశాఖ ఉక్కు కోసం కలిసినవాళ్లని తలుచుకోండి. అంతకు రెండేళ్ల ముందే చీలి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు కమ్యూనిస్టు పార్టీలు, కమ్యూనిస్టు పేరు చెబితేనే గిట్టని స్వతంత్ర పార్టీ, ఏ పార్టీకీ చెందని కుర్ర విద్యార్థులు, అందరికీ పెద్దదిక్కుగా తెన్నేటి విశ్వనాథం. అమృతరావు నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది చనిపోయారని చెబుతారు. ప్రతిపక్ష శాసనసభ్యులు రాజీనామాలు చేశారు. అంత చేసినా ఫ్యాక్టరీ రాలేదు.

మరెప్పుడొచ్చింది? 1969లో కాంగ్రెస్ చీలిపోయి ఇందిరాగాంధీ ప్రభుత్వం మైనారిటీలో పడింది. లోక్‌సభలో ప్రతి ఓటూ ఏరుకోవలసి వచ్చిన రోజులు. 1967లో విశాఖ నుంచి ఇండిపెండెంటుగా గెలిచిన తెన్నేటి ఆ సభలోనే ఉన్నారు. 1970 ఏప్రిల్ 17న విశాఖపట్నం, సేలం, విజయనగర్‌లలో ఉక్కు కర్మాగారాలు పెడతామని ఆమె పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. మార్చిలో ఎన్నికలై 352 సీట్లతో తిరిగొచ్చారు. ఇక ఎవరి ఓటుతోనూ పని లేదు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. మధ్యలో నిధులు లేవన్నారు, ఇంకేవేవో చెప్పారు. అవీ అబద్ధాలు కావు. కానీ సీట్ల లెక్క పక్కన పెట్టి చూస్తే ఆ జాప్యం నాకు పూర్తిగా అర్థం కాదు.

తెలుగుదేశం బయటికొచ్చిన 2018లో బీజేపీకి సొంత మెజారిటీ ఉంది, అందుకే ఢిల్లీలో ఎవరూ ఉలిక్కిపడలేదు. అమ్మకం తీర్మానం నాటికి ఆ పార్టీ బలం 300 పైనే. అదే 240కి దిగాక, 2025 జనవరి 17న, రూ. 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. ప్రకటించిన ఉక్కు మంత్రి కుమారస్వామి కూడా విచిత్రమైన పొత్తుల్లో ఆరితేరినవారే. 2018లో కాంగ్రెస్ మద్దతుతో కర్ణాటక ముఖ్యమంత్రి, 2023 నుంచి బీజేపీకి మిత్రుడు.

అవసరం మీద నిలబడిన పొత్తుని నేను చులకన చేయను. డాల్ఫిన్స్ నోస్ కొండ కిందనుంచి పెద్ద ఓడ ఇన్నర్ హార్బర్‌లోకి వస్తున్నప్పుడు చూడండి. ముందున్న టగ్గు లాగుతుంటుంది, వెనకది తాడు కట్టుకుని పట్టి ఉంచుతుంది. ఆ ఇరుకు దారిలో వెనక నుంచి పట్టేది లేకపోతే ఓడ ఒడ్డుని కొట్టుకుంటుంది. మా బావమరిది లాంటి అనుమానపు మనిషి ప్రతి పొత్తుకీ ఒకడుండాలి.

వాడి అనుమానాలూ గాలివి కావు. ప్యాకేజీ వచ్చింది సరే, 2021 నాటి అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేశామన్న కాగితం ఏదీ? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదులదీ అమ్మవారిదీ పేర్లు పెట్టుకున్న మూడు ఫర్నేసుల్లో 2024 సెప్టెంబరులో ఒక్కటే వెలిగింది. ఆ తర్వాత మిగతా రెండింటినీ మళ్లీ వెలిగించారు, కానీ ప్యాకేజీతో పాటే స్వచ్ఛంద పదవీ విరమణలూ, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులూ వచ్చాయి. "ఫర్నేసు బతికింది, దాని దగ్గర నిలబడినోడు ఇంటికెళిపోనాడు" అంటాడు వాడు.

అసలు రోగం గనులు. ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు తీయగల ప్లాంటుకి సొంత ఇనుప గని లేదు. ఖనిజం కొనుక్కోవాలి, కోకింగ్ బొగ్గు ఓడల్లో విదేశాల నుంచి తెప్పించుకోవాలి. ధర పడిపోయిన ఏడాది సొంత గనులున్న టాటా స్టీలు గానీ, సెయిల్ గానీ తట్టుకుంటాయి, ఇది కూలబడుతుంది. ఎన్ని కోట్లు పోసినా ఈ లెక్క మారదు. ఇక్కడికి దగ్గర్లోనే, నక్కపల్లిలో, ఆర్సెలార్ మిట్టల్, నిప్పన్ స్టీల్ కలిసి పెట్టే ప్రైవేటు ప్లాంటుకి ఇదే కూటమి ప్రభుత్వం ఎర్ర తివాచీ పరుస్తోంది. దాని కోసం ఢిల్లీలో మాట్లాడిన నోరే మన ప్లాంటుకి గని అడగడానికీ తెరుచుకోవాలి కదా అని వాడి వాదన. దీనికి నా దగ్గర జవాబు లేదు. పెట్టుబడి వస్తే రానీ అంటాను, వాడు నవ్వుతాడు.

కూర్మన్నపాలెం దీక్షా శిబిరాన్ని నేను తరచూ తలుచుకుంటాను. 2021 ఫిబ్రవరిలో మొదలైన రిలే దీక్షలు వెయ్యి రోజులు దాటాయి. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ వాళ్లు ఒకే టెంటు కింద కూర్చున్నారు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఒకళ్లనొకళ్లు ఎన్నేసి మాటలనుకుంటారో ప్లాంటు వాళ్లని అడగండి. అయినా ఆ టెంటు నిలబడింది. రాజమండ్రి జైలు గేటు దగ్గర పుట్టిన పొత్తు కంటే ఇదే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ఇక్కడ పంచుకోవడానికి మంత్రి పదవులు లేవు, పోతే పోయేది జీతం.

అందుకే నేను అడిగేది ఒకటే. ఢిల్లీలో ఆ పదహారుమంది అవసరం ఉండగానే అడగవలసినవి అడిగించుకోవాలి. అమ్మకం రద్దంటూ కేబినెట్ తీర్మానం, పేరు రాసి ఇచ్చిన గని, ఆ తర్వాత కుదిరితే సెయిల్‌లో విలీనం. భూములిచ్చి పునరావాసపు ఆర్‌కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఇంకా తిరుగుతున్న నిర్వాసితుల సంగతి కూడా ఈ కోరికల చీటీలో చేర్చమన్నాడు మా బావమరిది. చేర్చాను. "మొదట్నే రాయి, అడుగున రాస్తే చింపీడానికి సులువు" అన్నాడు.