చింపాంజీల పుట్టినరోజు పండగ

తెల్లాపూరు ఒకప్పుడు మెదకు జిల్లాలో చిన్న గ్రామం. చుట్టూ చేలు, చెరువులు, ఏనుగులు గుంపుగా పడుకున్నట్టు కనిపించే పెద్ద పెద్ద రాతి గుండ్లు. ఇప్పుడా ఊరు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళు చాలామంది అక్కడ ఆకాశాన్నంటే మేడలలో కాపురాలుంటున్నారు. అంత పెద్ద మేడలో వారానికొక ఇంటనైనా పుట్టినరోజు జరగక మానదు. బుడగలు కడతారు, కేకు కోస్తారు, మిఠాయిలు పంచుతారు.

ఇటీవల హైదరాబాదులో కొందరు తల్లిదండ్రులు ఇంకొక మంచి అలవాటు చేసుకున్నారు. పిల్లల పుట్టినరోజున జంతు ప్రదర్శనశాలకు వెళ్ళి, ఒక జంతువు తిండికయ్యే ఖర్చు కట్టివస్తారు. దీనిని దత్తత అంటారు. దత్తత అన్నాం గదా అని పులిపిల్లను ఇంటికి తెచ్చుకోనివ్వరు సుమా! అది ఉండేచోటే ఉంటుంది, భోజనం మాత్రం మీ పేరున జరుగుతుంది.

తెల్లాపూరునుంచి ఆ జంతుశాలకు సుమారు 30 కిలోమీటర్లు. అద్దాల మేడలన్నీ దాటి, పాతబస్తీ వైపు పోతే బహదూర్‌పురాలో వస్తుంది. దానిని ఆనుకొనే మీరాలం చెరువు ఉన్నది. ఆ చెరువు కట్టను చూసి తీరాలి. రెండు వందల ఏళ్ళనాటి ఆ రాతికట్ట తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాలను వరసగా పేర్చినట్టుంటుంది. నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963 అక్టోబరు 6న తెరిచారు. విస్తీర్ణం 380 ఎకరాలు. అంతా తిరిగేసరికి కాళ్ళు పీకుతాయి.

ఈ జంతుశాలలో సూజీ అనే ఆడ చింపాంజీ ఉండేది. జూలై నెలలో దానికి పుట్టినరోజు చేసేవారు. తనను పెంచేవాళ్ళన్నా, చూడవచ్చిన పిల్లలన్నా దానికి ఇష్టమే. 2021 జూలైలో, 35 ఏళ్ళ వయసులో అది చనిపోయింది.

చింపాంజీని కోతి అనకూడదు. కోతికి తోక ఉంటుంది, దీనికి ఉండదు. మనుషులకు అతి దగ్గర చుట్టాలు చింపాంజీలే. వాటి సొంత ఊరు ఆఫ్రికా అడవులు. మన దేశపు అడవులలో అవి ఎన్నడూ లేవు.

సరే, పుట్టినరోజున ఎవరైనా పిల్లవాడు, "నాన్నా! ఇవాళ తన పుట్టినరోజని దానికెట్లా తెలుస్తుంది?" అని అడిగాడనుకోండి, తండ్రి ఏం చెప్పాలి? తెలియదనే చెప్పాలి. చింపాంజీకి తేదీలు లేవు. అడవినుంచి పట్టితెచ్చిన పిల్ల అయితే, అది ఏ రోజున పుట్టిందో మనుషులకూ తెలియదు. ఏదో ఒక రోజును పుట్టినరోజు అనుకోవలిసిందే.

అయితే చింపాంజీలకు పండగంటే ఏమిటో తెలియదనుకోకండి. ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలో అట్లాంటా నగరం దగ్గర ఒక చింపాంజీల గుంపును చాలా ఏళ్ళు గమనించాడు. ఆ గుంపుకు అప్పుడప్పుడు ఆకులున్న పచ్చి కొమ్మలు పెద్ద మోపులుగా కట్టి తెచ్చేవారు. మోపు కనిపించగానే చింపాంజీలన్నీ కేకలు పెట్టేవి. ఇక తిండిమీద పడతాయేమో అనుకుంటాం. అలా జరగలేదు. ముందు ఒకదాన్నొకటి కావిలించుకునేవి, ముద్దులు పెట్టుకునేవి, వీపులు తట్టుకునేవి. ఆ సంబరమంతా అయినాకనే తినటం మొదలు. మన ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడు విస్తళ్ళు వెయ్యకముందు ఎంత హడావుడి జరుగుతుందో, అదీ అంతే!

ఈ సంగతి చదివినప్పటినుంచీ నాకు సూజీ గురించి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. మన జంతుశాలలో ఉన్న చింపాంజీ అదొక్కటే. పళ్ళు పెట్టే చేతులున్నాయి, చప్పట్లు కొట్టే జనం ఉన్నారు. కాని పళ్ళు రాగానే కావిలించుకోవటానికి పక్కన ఇంకొక చింపాంజీ లేదు. తోడు తేవటం సులభం కాదు. అడవి చింపాంజీలను పట్టి అమ్మటాన్ని ప్రపంచ దేశాలు కలిసి నిషేధించాయి. నిషేధం మంచిదే. కాని ఒంటరిగా మిగిలిపోయిన దానికి తోడెక్కడినుంచి వస్తుంది?

తోడుతో పండగ ఎలా ఉంటుందో చూడాలంటే మనం సముద్రాలు దాటాలి. తెల్లాపూరులో చాలా ఇళ్ళవాళ్ళకు అన్నో, అక్కో, పిన్నో అమెరికాలో సియాటిల్ నగరంలో ఉంటారు. అక్కడినుంచి తూర్పుగా కారులో ఒకటిన్నర గంట పోతే, కాస్కేడ్ పర్వతాలకు అవతల క్లీ ఎలమ్ అనే చిన్న ఊరు వస్తుంది. దారి పొడవునా దేవదారువంటి చెట్లు, చలికాలమైతే మంచు. ఆ ఊరి దగ్గర చింపాంజీ శాంక్చువరీ నార్త్‌వెస్ట్ అనే శరణాలయం ఉన్నది.

2008 జూన్‌లో అక్కడికి ఏడు చింపాంజీలు వచ్చాయి. అంతకు ముందు అవి పెన్సిల్వేనియాలో, కిటికీలు లేని నేలమాళిగలో ఏళ్ళ తరబడి బతికాయి. వాటి మీద కామెర్ల జబ్బుకు టీకాలు పరీక్షించారు. ఏడింటిలో బురీటో ఒక్కడే మగ. మిగతావి జేమీ, ఫాక్సీ, జోడీ, మిస్సీ, ఆనీ, నేగ్రా. ఫాక్సీకి పుట్టిన పిల్లలను ఒకదాని తరవాత ఒకటి తీసుకుపోయారు. శరణాలయానికి వచ్చినాక దానికి రంగు రంగుల జుట్టున్న చిన్న బొమ్మ ఒకటి దొరికింది. ఇక ఆ బొమ్మలను వదిలితే ఒట్టు! చేత్తో పట్టుకునేది, వీపున పెట్టుకుని తిరిగేది. నేగ్రాకు దుప్పటి కప్పుకు కూచోవటం ఇష్టంగా ఉండేది. జేమీకి బూట్ల పిచ్చి. తను తొడుక్కోకపోయినా సరే, పెంచేవాళ్ళు పొడుగు బూట్లు తొడుక్కుని తనతో పాటు ఆవరణ చుట్టూ నడవాలి!

అక్కడ పుట్టినరోజులు చేస్తారు, వచ్చిన రోజును పండగ చేస్తారు, క్రిస్మస్ చేస్తారు. చింపాంజీలను పక్క గదిలో ఉంచి తలుపు వేసి, కాగితపు తోరణాలు కడతారు. పళ్ళు, గింజలు కాగితపు సంచులలోనూ అట్టపెట్టెలలోనూ దాస్తారు. ఫాక్సీ కోసం బొమ్మలు పెట్టేవారు. తరవాత తలుపు తెరుస్తారు. అంతే! బురీటో సంతోషం పట్టలేక కీచుమంటాడు, ఒకరు సంచి చింపుతారు, ఒకరు దొరికినదంతా రెండు చేతులా పోగుచేసి పరిగెత్తుతారు. అక్టోబరు చివర గుమ్మడికాయల పండగ. ఆ కాయలోని గింజలను అవి ఎంతో ఇష్టంగా తింటాయి.

ఇంత శ్రమ దేనికంటారా? అడవిలో చింపాంజీ సగం రోజు తిండి వెతుక్కోవటంలోనే గడుపుతుంది. 1960లో జేన్ గుడాల్ అనే యువతి ఆఫ్రికాలో గొంబే అడవికి వెళ్ళి, చింపాంజీ పుల్ల తీసుకుని చెదపుట్టలో దూర్చి, పుల్లకు పట్టుకున్న చెదలను తినటం కళ్ళారా చూసింది. పనిముట్లు మనిషి ఒక్కడే చేస్తాడనుకునేవాళ్ళంతా అప్పుడు నోళ్ళు తెరిచారు. అంత తెలివిగల జీవికి పళ్ళెంలో అన్నీ తరిగి పెడితే, పది నిమిషాలలో భోజనం అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేస్తుంది? గోడ చూస్తూ కూచుంటుంది. అందుకే తిండిని దాచి వెతికిస్తారు. పండగ ఒక వంక మాత్రమే.

కేకు మాత్రం అసలు సంగతి కాదు. పంచదార ఎక్కువైతే వాటికీ మనకు మల్లేనే జబ్బులు వస్తాయి. మనకొచ్చే జలుబూ వాటికి అంటుతుంది. అందుచేత పెంచేవాళ్ళు చేతులు కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని మరీ తిండి పెడతారు. ఇది ఉత్త మాట కాదు. 2021 మే నెలలో హైదరాబాదు జంతుశాలలోని 8 సింహాలకు కరోనా జబ్బు సోకినట్టు తేలింది. అదృష్టవశాత్తు అవి కోలుకున్నాయి.

కనుక మీరు మీ పుట్టినరోజున జంతుశాలకు వెళ్ళేటప్పుడు బిస్కట్లు, అరటిపళ్ళు సంచిలో వేసుకుపోకండి. దత్తత డబ్బు ఆఫీసులో కట్టండి, రసీదు అడిగి తీసుకోండి. ఏ జంతువుకు తోడు ఉన్నదో, దేనికి లేదో ఒకసారి చూసి రండి. సోమవారం మాత్రం పోకండి. ఆ రోజు జంతుశాలకు సెలవు.