మిల్లు కూత, ఆత్మశోధన

కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్ పట్టణం చరిత్రలో రెండు రాకల వలన ప్రసిద్ధికెక్కినది. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు పాశ్చాత్య దేశాల నుండి తిరిగి వచ్చి కలకత్తాకు రైలెక్కినది ఇక్కడనే. 1914 సెప్టెంబరులో కోమగాట మారు ఓడ ప్రయాణికులపై తుపాకులు ప్రేలినదీ ఇక్కడనే. ఆ వచ్చినవారు ఈ ఊర నిలువలేదు. నిలిచినవారు వేరు: జనపనార మిల్లులలో, చమురు డిపోలలో పనిచేసేవారు, తెల్లవారకముందే సియాల్దా రైలుకు పరుగెత్తేవారు. గంజాం, శ్రీకాకుళం సీమల నుండి హుగ్లీ తీరపు మిల్లులకు వలసపోయిన తెలుగువారూ ఒకప్పుడు వేలసంఖ్యలో ఉండేవారు. వీరి దినము సూర్యునితో గాక మిల్లు కూతతో మొదలగును.

ఇట్టి చోట ఒక పాత గ్రంథాన్ని తెరచి చూడవచ్చును. లొయోలా ఇగ్నేషియసు రచించిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అది. గుంటూరు సీమ కథోలికుల ఇండ్లలో వినవచ్చే ఇన్నయ్య అన్న పేరు ఈయనదే. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగిగుండు తగిలి కాలు విరిగిన ఈ వీరుడు, మరుసటి యేడు మన్రేసా అను ఊరిలో పడిన అంతర్మథనాన్ని ఇతరులకు ఉపకరించునట్లు వ్రాసి ఉంచినాడు. 1548లో మూడవ పౌలు పాపుగారు దానిని ఆమోదించినారు. వంటల పుస్తకం చదివితే ఆకలి తీరనట్లే, దీనిని చదివినందువలన కలిగేది ఏమీ లేదు, చేయవలెను. పూర్తిగా చేయుటకు సుమారు ముప్పది నాళ్లు ఇల్లు విడిచి, మౌనంలో, దినానికి అయిదు మారులు గంట చొప్పున ధ్యానించవలెను. ముప్పది నాళ్లు సెలవడిగిన కార్మికునికి సర్దారు ఏమి సమాధానం చెప్పునో ఊహించనక్కరలేదు.

ఇగ్నేషియసుకు ఈ సంగతి తెలియకపోలేదు. గ్రంథారంభంలో ఆయన ఇరువది సూచనలు చేర్చినాడు. ఇరువదవది ఇల్లూవాకిలీ విడిచి రాగలవారికి. పందొమ్మిదవది లోకవ్యవహారాలలో తలమునకలైన సమర్థులకు: వారు ఇంటనే ఉండి దినానికి గంటన్నర కేటాయిస్తే చాలును, నెలల తరబడి సాధన సాగించవచ్చును. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ పద్ధతి మరల ప్రచారంలోకి వచ్చినది. క్యూబెక్‌కు చెందిన యేసు సభ గురువు జిల్ క్యూసాన్ దీనిని గురించి ఒక గ్రంథమే వ్రాసినారు.

పదునెనిమిదవ సూచన మాత్రం గుచ్చుకొనును. చదువు లేనివారికి, శక్తి చాలనివారికి ఆత్మశోధన నేర్పవలెను, దైవాజ్ఞలపై ఉదయం అరగంట ప్రార్థన, ఎనిమిది నాళ్లకొకసారి పాపసంకీర్తనం చెప్పవలెను, అక్కడితో ఆపవలెను. జీవితమార్గాన్ని ఎన్నుకొనే ఘట్టానికి వారిని తీసికొనిపోరాదు. అనగా వకీలుకు విందు, మగ్గం తిప్పేవానికి మెతుకులా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అయితే అదే సూచన మనిషి వయస్సు, చదువు, ప్రజ్ఞ చూచి సాధనలను మలచుమన్నది. చొక్కాపై నారపొట్టు చూచి, ఈ మనిషికి ఇంతే చాలునని తేల్చివేసే గురువు మనిషిని చూడనే లేదు. అతడు గ్రంథాన్ని పాటించినట్లు కాదు, మీరినట్లే.

ఆ మెతుకులనుకొన్నవి ఎట్టివో కూడా చూడవలెను. నిగ్రహం గల మనిషికి దేవునితో కలియుటకు పావుగంట ప్రార్థన చాలునని ఇగ్నేషియసు అన్నట్లు ఆయన శిష్యుడొకడు వ్రాసి ఉంచినాడు. 1551లో పోర్చుగల్‌కు వెళ్లిన ఆయన తరఫు లేఖ ఒకటి, చదువుకొనే యువకులు దీర్ఘధ్యానాలకు మారుగా నడకలో, మాటలో, చూపులో, పనిలో దేవుని వెదకవలెనని చెప్పినది. ప్రార్థన నిడివి విషయంలో ఇంత ఉదారుడైన ఆయన ఆత్మశోధనకు మాత్రం గొప్ప స్థానమిచ్చినాడు.

చదువు చాలదని యేసు సభవారు మొదట తీసికొన సందేహించిన మనిషి ఒకడున్నాడు. సెగోవియాలో ఉన్నివర్తకుడైన అల్ఫోన్సో రోద్రిగెసు భార్యనూ బిడ్డలనూ పోగొట్టుకొని, నడివయస్సులో సభ తలుపు తట్టినాడు. 1571లో సహోదరునిగా చేర్చుకొని మయోర్కా ద్వీపంలోని కళాశాలకు పంపినారు. అక్కడ నలుబది యేండ్లకు పైగా ద్వారపాలకుడై, తలుపు తట్టిన ప్రతిసారీ వచ్చినవాడు ప్రభువే అన్న భావంతో గడియ తీసినాడు. 1888లో ఆయనను పునీతుల కోవలో చేర్చినారు.

ఆత్మశోధన పనిముట్టు చాల సామాన్యమైనది. సాధకుడు తనలోని ఒక్క దోషాన్ని ఎన్నుకొనును, కోపమనుకొందము. నిద్రలేవగానే దానినుండి జాగ్రత్తపడదలచును. మధ్యాహ్న భోజనానంతరం ఒకసారి, రాత్రి భోజనానంతరం ఇంకొకసారి గంట గంటకూ లెక్క చూచుకొనును. దినానికి రెండు గీతలు, వారానికి ఏడు జతలు. తప్పినన్ని మారులు గీతపై చుక్కలు. క్రింది గీతను పై గీతతో, నేటిని నిన్నటితో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చవలెను. ఆ గీతలు వారం సాగిన కొలదీ పొట్టివగునట్లు గ్రంథంలో ముద్రించినారు. తప్పులకు చోటు తగ్గవలెనన్న ఆశ కాబోలు. రాత్రి షిఫ్టువానికి నిద్రలేచుట మధ్యాహ్నం రెండింటికి కావచ్చును. లెక్క అక్కడినుండి మొదలగును. ఒక కాగితం, పెన్సిలు ముక్క ఉన్నచో కూలీ లైన్లలోని ఇరుకుగదిలోనూ ఇది సాగును.

దీనికి తోడు ఇంకొక నియమమున్నది. దోషంలో పడిన క్షణముననే సాధకుడు పశ్చాత్తాపంతో రొమ్ముపై చేయి వేసికొనవలెను. పదిమంది నడుమనైనా ఎవరూ గమనించకుండ చేయదగిన పని ఇది అని ఇగ్నేషియసే వ్రాసినాడు. మగ్గాల హోరులో మాట వినరాదు. తోటివానిపై కోపం నోటిదాక వచ్చి, మాటై వెలువడిన మరుక్షణమే ఒక మనిషి చేయి రొమ్ముకు పోయినదనుకొందము. పక్క మగ్గం దగ్గరివానికి అది నారపొట్టు దులుపుకొన్నట్లే కనిపించును.