ఏ వంట పక్కన ఎవరి పేరు?

ఈ సంచిక మీ పిల్లల బ్యాగులో ఇంటికి చేరేసరికి సంక్రాంతి హడావుడి మొదలయ్యే ఉంటుంది. టికెట్లు, కొత్త బట్టలు, ఊళ్లో ఎవరెవరు కలుస్తున్నారన్న ఫోన్లు. ఆ ఫోన్లలో ఇంకో ప్రశ్న కూడా కలపమని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఈసారి పండక్కి ఎవరు ఏం వండుతున్నారు?

మా అమ్మమ్మగారి ఊరు తణుకు దగ్గర. అమ్మమ్మకి ఆరుగురు పిల్లలు. వాళ్ల పిల్లలు, మనవలు, చంటివాళ్లతో కలిపి అందరం చేరితే 31 మందిమి. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు, వరంగల్ నుంచి భోగి ముందురోజుకల్లా దిగిపోతాం. చాలా ఏళ్లపాటు ఈ 31 మంది వంటనీ మోసింది ఒక్క మనిషి, మా పెద్దత్తయ్య. మిగతా ఆడవాళ్లు కూరలు తరిగేవారు, వడ్డించేవారు. కానీ రేపటికి పాలెన్ని, మినప్పప్పు ఎప్పుడు నానబోయాలి, ఏ పిల్లకి కారం పడదు అన్న లెక్కంతా ఆవిడ తలలోనే ఉండేది. మేం బస్సు దిగేసరికి డబ్బాల నిండా పిండివంటలు సిద్ధం. మాకు పండగ మూడు రోజులు, ఆవిడకి పది రోజులు. వంటింట్లోంచి బయటికొచ్చి ఆవిడ అన్నం తినేసరికి మూడు దాటేది. అప్పటికి గారెలు చల్లారిపోయి ఉండేవి.

మూడేళ్ల క్రితం డిసెంబర్‌లో ఆవిడ మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. "మోకాళ్లు సహకరించట్లేదమ్మా. ఈసారి అందరికీ నేను చెయ్యలేను. ఏం చేస్తారో మీరే చూసుకోండి." అంతే. పొద్దున్న లేస్తే గుడ్‌మార్నింగుల వాన కురిసే గ్రూప్‌లో సాయంత్రం దాకా ఒక్కరూ పలకలేదు. రాత్రికి ఒకరు, "పోనీ ఈ ఏడు ఎవరింట్లో వాళ్లం చేసుకుందాం" అన్నారు. ఇంకొకరు క్యాటరింగ్ అన్నారు. పెద్దమావయ్యకి కోపం వచ్చింది. "ఇంటికొచ్చిన ఆడపిల్లలకి బయటి భోజనం పెట్టాలా?" అని. మరి వండేదెవరంటే ఆయన దగ్గరా జవాబు లేదు. ఆ వారం మా సంక్రాంతి ఆగిపోయినంత పనైంది. ఒక్క ఏడు ఆగితే మరుసటి ఏడు ఎవరో ఒకరికి సెలవు దొరకదు, ఆ పై ఏడు టికెట్ దొరకదు. అలా విడిపోయిన కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి.

చివరికి చిన్న పిన్ని అంది, "మా ఆఫీసులో పాట్‌లక్ చేసుకుంటాం, తలా ఒకటి తెస్తాం. మనమూ అలాగే చేద్దాం" అని. ఇంగ్లిష్ టీచర్ని కదా, ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఈ పాట్‌లక్ అన్న మాట పాతదే. 16వ శతాబ్దం చివర్లో థామస్ నాష్ అనే ఇంగ్లిష్ రచయిత రాతల్లోనే కనిపిస్తుంది. అప్పట్లో దాని అర్థం వేరు. అనుకోకుండా వచ్చిన అతిథికి ఆ పూట కుండలో ఏముంటే అదే ప్రాప్తం అని. తలా ఒకటి తెచ్చుకునే అర్థం చాలా తర్వాత వచ్చింది. పేరు కొత్తగా అనిపించినా పద్ధతి మనకు కొత్తేమీ కాదు. కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు ఇంటికో క్యారేజీ తెచ్చుకుని అందరూ కలిపి తినడం ఇదే కదా.

మొదటి ఏడాది ఇంటికో వంట అని రాసుకున్నాం. ఫలితం మీరు ఊహించగలరు. మూడు ఇళ్ల నుంచి పులిహోర వచ్చింది, పప్పు ఎక్కణ్ణుంచీ రాలేదు. అది నవ్వుకునే సంగతి. నవ్వు రానిది ఇంకోటి ఉంది. 'పెద్దమ్మ వాళ్లు: బొబ్బట్లు' అని రాస్తే ఆ బొబ్బట్లు చేసింది పెద్దమ్మే. 'బాబాయి వాళ్లు: పులిహోర' అంటే అది కలిపింది పిన్నే. ఇంటి పేరున రాస్తే ఆ ఇంటి ఆడమనిషి పేరున రాసినట్టే. పెద్దత్తయ్య భుజం మీది బరువు దిగింది నిజమే, కానీ అది ఆరు ముక్కలై మళ్లీ ఆరుగురు ఆడవాళ్ల మీదే పడింది. వాళ్లలో నలుగురు ఉద్యోగాలు చేసి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు.

అందుకని రెండో ఏడాది నేను చార్ట్ మార్చాను. క్లాస్‌లో డ్యూటీ చార్ట్ రాయడం అలవాటే కదా. ఇంటి పేర్లు తీసేసి మనుషుల పేర్లు రాశాను. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి, మగవాళ్లతో సహా. వంట రానివాళ్లకు అరిటాకులు కడగడం, నీళ్లు పెట్టడం, వడ్డన, గిన్నెలు తోమడం. పెదనాన్న కాసేపు గొణిగారు. "నా పేరెందుకమ్మా, నేను తినేవాణ్ణి" అని. తర్వాత కొబ్బరికాయలు కొట్టి కోరడం తనకు ఇమ్మన్నారు. ఆ రోజు పది కాయలు కోరారు, ఇప్పటికీ చెప్పుకుంటారు.

దూరం నుంచి వచ్చేవాళ్లకు ఏ వంట ఇవ్వాలన్నది ఆలోచించాల్సిన విషయమే. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రాత్రి బస్సులో కూరలు తేవడం ప్రమాదం. కాబట్టి బయటి ఊళ్లవాళ్లు నిలవుండేవే తెస్తారు. మా అమ్మ పులిహోర పులుసు మాత్రం వండి సీసాలో తెస్తుంది, అన్నం ఇక్కడ వార్చి కలుపుతాం. పరమాన్నం, పప్పు, గుమ్మడికాయ దప్పళం ఊళ్లోనే. అన్నయ్య పెళ్లయ్యాక వరంగల్ వదిన సకినాలు మొదలుపెట్టింది. నానబెట్టిన బియ్యం పిండిలో వాము, నువ్వులు కలిపి, పరిచిన గుడ్డ మీద వేళ్లతో మెలితిప్పుతూ చుట్లు చుట్టాలి. వాళ్ల ఊళ్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒకరింటికొకరు వెళ్లి చుట్టి వస్తారట. ఇక్కడ మా పిల్లలందరూ గుడ్డ చుట్టూ కూర్చున్నారు. మొదటి వరస సకినాలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. వేయించాక అవే ముందు ఖాళీ అయ్యాయి.

అరిసెల సంగతి వేరు. అది ఒక్కరు చేసే వంటే కాదు. బియ్యం నానబోసి, వడకట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. ఆ పిండి ఆరిపోకుండా గిన్నెలో అదిమి గుడ్డ కప్పాలి. తర్వాత బెల్లం పాకం. నీళ్లున్న పళ్లెంలో ఒక చుక్క వేస్తే అది చేతికి మెత్తటి ఉండలా రావాలి. లేతగా దింపితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. పాకం దించాక ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఒకరు అద్దాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తాలి. ఇన్నాళ్లూ ఇన్ని చేతుల పనిని పెద్దత్తయ్య ఒక పనమ్మాయి సాయంతో చేస్తూ వచ్చారు. పాకం చూడటం మాత్రం ఇప్పటికీ ఆవిడకే తెలుసు. వీడియోలు చాలా ఉన్నాయి కానీ, వాటిలో ఉండ వేళ్లకి ఎంత మెత్తగా తగలాలో తెలియదు.

బెంగళూరు బావ ఆ ఏడాది స్వీట్ షాపు నుంచి కాజాలు తెచ్చి స్టీలు పళ్లెంలో సర్దాడు, ఎవరూ గుర్తుపట్టరని. అత్తయ్యలు ఒక్క ముక్క కొరికి గుర్తుపట్టేశారు, రోజంతా ఆటపట్టించారు. నాకైతే కొని తేవడంలో తప్పు కనిపించదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అవి ఇంట్లో చేయలేదని ఎవరైనా చిన్నబుచ్చుకుంటారా? పైగా బావ ఆ సాయంత్రం పెద్ద గుండిగలన్నీ ఒక్కడే తోమాడు. నా లెక్కలో అది పది రకాల స్వీట్లతో సమానం.

ఆ మధ్యాహ్నం పెద్దత్తయ్యని మొదటి బంతిలో కూర్చోబెట్టాం. ఆవిడకి కూర్చోవడం చేతకాలేదు. "నెయ్యి వేశారా?" అని ఒకసారి, "పిల్లలకి పెరుగు?" అని ఒకసారి లేచారు. మూడోసారి లేవబోతే చిన్నమావయ్య, "అక్కా, ఈ బంతిలో నువ్వు చుట్టానివి" అన్నాడు. గారె వేడిగా ఉందని ఊదుకుంటూ తిన్నారావిడ. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

ఇక మన పిల్లల సంగతి. పోయినేడు సెలవులయ్యాక మా ఐదో తరగతిలో పండగ గురించి పాస్ట్ టెన్స్‌లో పది వాక్యాలు రాయమన్నాను. పేపర్లు దిద్దుతుంటే ఒకటి గమనించాను. అమ్మ పక్కన ఉన్న క్రియలు: మేడ్, ఫ్రైడ్, సర్వ్‌డ్, వాష్డ్. 'ఐ' పక్కన ఉన్నవి: ఏట్, ప్లేడ్, స్లెప్ట్. ఒక్క అబ్బాయి మాత్రం తాతయ్యతో కలిసి సున్నుండలు చుట్టానని రాశాడు. పిండిలో నెయ్యి ఎందుకు తక్కువైందో, ఉండ ఎందుకు విరిగిపోయిందో, తాతయ్య ఏమన్నారో రాసుకుంటూ పది వాక్యాలు దాటి వెనక పేజీకి వెళ్లిపోయాడు. నేను ఎంత చెప్పినా రాని వాక్యాలవి.

అందుకే ఈసారి మా క్లాస్‌కి చార్ట్‌లు, మోడల్స్ హాలిడే హోంవర్క్‌గా ఇవ్వలేదు. ఇంట్లో పండగ వంటలో ఒక పని తన పేరున తీసుకుని చేసి, ఆ సంగతి రాసుకు రావాలి, అంతే. కొలవడం, జల్లించడం, ఉండలు చుట్టడం, వడ్డించడం ఏదైనా సరే. పొయ్యి, మరిగే నూనె దగ్గరికి మాత్రం పంపకండి. వంకరగా వస్తే సరిదిద్దకుండా అలాగే వేయించండి. నాన్నగారి పేరు పక్కన కూడా ఒక పని ఉంటే పిల్లలు తొందరగా ఒప్పుకుంటారు, ఇది మా ఇంట్లో చూసిన మాట.

మా చార్ట్ మొన్న ఆదివారమే గ్రూప్‌లో పెట్టాను. పెద్దత్తయ్య పేరు పక్కన ఖాళీ వదిలేశాను. రాత్రి ఆవిడే వాయిస్ మెసేజ్ పెట్టారు. "అరిసెల పాకం దగ్గర నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గరిట పట్టుకునేది ఎవరో పేర్లు రాయండి." పొద్దునకల్లా నాలుగు పేర్లు వచ్చాయి. రెండోది పెద్దమావయ్యది.