అంచున నిలిచినవారు

పదవీ విరమణ తరువాత పాత చలనచిత్రాల ముక్కలు వెదకి చూడడం నాకొక వ్యసనమయింది. ఇటీవల చూచినవి ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన ప్రదర్శనలో, 1950 ప్రాంతాలలో, ఔత్సాహికులు తమ చేతి కెమెరాలతో తీసుకొన్నవి.

నాటి 8 మిల్లీమీటర్ల కెమెరా సంగతి ఇప్పటి పిల్లలకు కథలా తోస్తుంది. గోడగడియారానికి వలె దానికీ కీ ఇవ్వాలి. 25 అడుగుల రీలు. రెండు నిమిషాలు కాగానే నీడపట్టున మూత తెరచి, చుట్టను తిరగవేసి, రెండవ సగం మొదలుపెట్టాలి. సరిగ్గా అప్పుడే విమానం నెత్తిమీదుగా దూసుకుపోతే ఆ మానవుని గతి ఏమి? పైగా అవి మూగచిత్రాలు. ధ్వనివేగాన్ని మించిన విమానపు పిడుగుచప్పుడు వినాలని వేలాది జనం వస్తే, ఆ చప్పుడే ఫిల్ముకు చిక్కలేదు.

1952 సెప్టెంబరు 6న ఆ ప్రదర్శనలోనే డీ హావిలాండ్ 110 విమానం ఆకాశంలో ముక్కలయింది. 1948లో ధ్వనివేగాన్ని దాటి పేరుపొందిన జాన్ డెర్రీ, ఆయన సహచరుడు టోనీ రిచర్డ్స్ మరణించారు. శకలాలు జనం మీద పడి, చూడవచ్చినవారిలో 29 మంది కన్నుమూశారు. కొంతసేపటికి నెవిల్ డ్యూక్ తన హంటర్ విమానంలో పైకెగిరాడు. ప్రదర్శన ఆగలేదు.

ఇది చదివిన తరువాత ఆ చిత్రాలను మళ్ళీ చూచాను. ఈసారి విమానాల మీద దృష్టి నిలువలేదు. కెమెరా ఆకాశానికి లేచేముందు అంచున మెదిలిన మనుషులనే చూచాను. టోపీలు, దుర్భిణులు, పైకెత్తిన ముఖాలు. తీసినవానికి వారు అడ్డు. నాకు వారే చిత్రం.

సాక్షాత్తుగా చూచినవాడు సాక్షి అని వ్యాకరణం. ఏళ్ళ తరబడి బడిలో చెప్పిన మాటే. ఆ చూచేవానిని కూడా ఎవరో ఒకరు చూడాలన్న ఊహ అప్పుడు కలుగలేదు.

నా పదవీ విరమణ సభను పూర్వవిద్యార్థి ఒకడు వీడియో తీశాడు. గంటన్నర నిడివి. శాలువాలు, సన్మానపత్రం, ఉపన్యాసాలు. మా ఆవిడ అందులో రెండు క్షణాలు కనిపిస్తుంది, మొదటి వరుస చివర, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకొంటూ. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ గంటన్నరలో నేనిప్పుడు చూచేది ఆ రెండు క్షణాలే.

మిత్రులారా, వేదిక మీది వారిని తీయండి, తప్పులేదు. ఒక్కసారి వెనుదిరిగి, చూస్తున్నవారిని కూడా తీయండి.