పాలపన్ను మీద నల్లమచ్చ

"పాలపళ్ళే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేవే. దిగులుపడకండి."

నా వైద్యవృత్తిలో ఈ మాటను ఎందరు తల్లులతో అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ వారి ముఖంలో కాస్త ఊరట కనిపించేది. ఆ మాట ఎంత తప్పో నాకు తెలియజెప్పినవాడు ఐదేళ్ళ బాలుడు. పై దవడలో పిప్పిపన్ను ఉన్నదని వాడి తల్లి తీసుకువస్తే, నోట్లోకి ఒకసారి చూసి, అలవాటైన మాటే చెప్పి పంపించివేశాను. ఐదారు నెలల తరువాత ఒక రాత్రి ఆమె మళ్ళీ వచ్చింది. పిల్లవాడి చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పెద్దాసుపత్రిలో చేర్పించి, సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్ మందులు ఎక్కించి, చివరకు మత్తు ఇచ్చి రెండు పళ్ళు తీయవలసి వచ్చింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదేమో.

పాలపళ్ళు ఊడిపోయే మాట నిజమే. కానీ ఎప్పుడు? ముందరి పళ్ళు ఆరేడేళ్ళకు కదలడం మొదలుపెడతాయి గాని, వెనుకనున్న నమిలే పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. అంతవరకు బిడ్డ అన్నం నమలవలసినది వాటితోనే. కింద తయారవుతున్న శాశ్వత దంతానికి చోటు కాపాడేదీ అవే. మూడేళ్ళ పిల్లకు పుచ్చిన పన్ను మరో ఏడెనిమిదేళ్ళు సేవ చేయవలసిన పన్ను.

ఇది తెలిసిన తరువాత కూడా నా సలహాలో పెద్ద మార్పు రాలేదని ఒప్పుకోవాలి. ఎందుకంటే, దంతవైద్యుని వద్దకు పంపితే ఏమి జరుగుతుందో నాకు తెలుసు: సూది, పన్ను గీకే యంత్రం చప్పుడు, కాళ్ళూ చేతులూ పట్టుకునే పెద్దలు, ఏడుపు. పసివాళ్ళను ఆ గదిలోకి పంపడానికి మనసొప్పేది కాదు.

అందుకే మూడేళ్ళ కిందట, నాలుగేళ్ళ నా మనవరాలి పళ్ళు పుచ్చినప్పుడు, మా అమ్మాయితో పాటు నేనూ భయపడుతూనే వెళ్ళాను. ముందు రెండు పళ్ళు, వెనుక ఒక దంతం. పిల్లల దంతాలకే ప్రత్యేకంగా చదువుకున్న ఆ యువ వైద్యురాలు అంతా చూసి, "సార్, ఇప్పుడు గీకనవసరం లేదు. ముందు పళ్ళకు మందు రాసి పుచ్చును ఆపుదాం," అన్నది. ఏ మందు అని అడిగాను. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అన్నది.

ఫ్లోరైడ్ అన్న మాట వినగానే నా ముఖం మారింది. నేను తొలినాళ్ళలో పనిచేసింది ప్రకాశం జిల్లా పడమటి పల్లెల్లో. నలభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేని రైతులను అక్కడ చూశాను. మన దేశంలో ఆ వ్యాధిని శాస్త్రీయంగా తొలిసారి వర్ణించినది కూడా 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి విషాన్ని నా మనవరాలి నోటిలో రాస్తారా?

ఆమె నొచ్చుకోలేదు. హద్దు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని రోజూ, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు చెడతాయి. ఇక్కడ వాడేది నాలుగైదు పళ్ళకు సరిపోయే ఒక్క చుక్క, అదీ ఏడాదికి రెండుసార్లు. మోతాదును బట్టే మందు విషమవుతుందని విద్యార్థులకు నేనే చెప్పేవాణ్ణి!

ఆ ద్రవంలోని వెండి పుచ్చులో దాగిన సూక్ష్మజీవులను చంపుతుంది. ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని మళ్ళీ గట్టిపరుస్తుంది. జపానులో 1970 ప్రాంతం నుంచీ వాడుతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధాల జాబితాలో దీనిని చేర్చింది. దూదితో పన్ను ఆరబెట్టి, పెదవులకు వాజలీను రాసి, చిన్న కుంచెతో ఒక నిమిషం అద్దడమే చికిత్స. నోరు కొంతసేపు లోహపు రుచి వేస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. పుచ్చిన భాగం నల్లగా మారిపోతుంది, ఇక పోదు. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, "ఏమండీ, ఆడపిల్ల! ముందు పళ్ళు నల్లబడితే బడిలో వెక్కిరించరూ?" అన్నది. ఆమెను తప్పుపట్టలేను. రెండు రోజులు ఇంట్లో ఇదే చర్చ. చివరకు అమ్మాయే తేల్చింది: "మూడు నాలుగేళ్ళు నల్లగా ఉంటే ఉండనీ. మత్తు ఇప్పించి పళ్ళు పీకించడం కంటే నయం కదా." ఈ నలుపు సంగతి ముందుగా చెప్పకుండా మందు రాసే వైద్యులుంటే వారిని తప్పుపట్టవలసిందే. నిర్ణయం తల్లిదండ్రులది.

వెనుక దంతానికి వేరే ఉపాయం. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు సూది వేయకుండా, పన్ను గీకకుండా, పుచ్చు మీదనే సిమెంటుతో ఉక్కు తొడుగు బిగించేవారు. డండీ విశ్వవిద్యాలయం వారు దీనిని పరీక్షించి, మామూలుగా గీకి నింపిన పళ్ళ కంటే ఈ తొడుగు వేసినవే మెరుగ్గా నిలిచాయని 2007లో ప్రకటించారు. లోపల బంధించబడిన క్రిములకు ఆహారం అందదు, పుచ్చు ఆగిపోతుంది. మా పిల్లకు ముందుగా పళ్ళ సందుల్లో చిన్న రబ్బరు వలయాలు పెట్టి, కొద్ది రోజుల తరువాత తొడుగు పెట్టి "గట్టిగా కొరుకు తల్లీ" అన్నారు. కొన్ని వారాలు పళ్ళు సరిగా కలవనట్లు ఉండి, తరువాత సర్దుకున్నది. ఆ "వెండి పన్ను"ను వచ్చిన చుట్టాలందరికీ నోరు తెరిచి చూపించింది.

ఈ సున్నితమైన పద్ధతులు అన్నిటికీ పనికిరావు. రాత్రిళ్ళు నొప్పితో లేచి ఏడుస్తున్నా, చిగురు మీద చీము పొక్కు కనిపించినా, చెంప వాచినా పుచ్చు లోపలి నరాన్ని చేరినట్లే. అప్పుడు మందు రాసి కూర్చోవడం ప్రమాదం. వాపుతో జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వెండి పడనివారికి ఈ మందు వాడరు. మందు పుచ్చును ఆపుతుందే గాని గుంటను పూడ్చదు. అన్నం ఇరుక్కునేంత పెద్ద గుంట అయితే తరువాత సిమెంటు పెట్టించుకోవాలి. ఆరు నెలలకొకసారి చూపించుకోవడం మానితే ఆగిన పుచ్చు మళ్ళీ మొదలు కావచ్చు.

మనవరాలి పళ్ళు పుచ్చడానికి కారణం వెదికితే అది మా ఇంట్లోనే దొరికింది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు, నేను తెచ్చే క్రీము బిస్కట్లు, జలుబు చేసినప్పుడల్లా పడుకోబోయే ముందు నేనే తాగించిన తీపి సిరప్పులు. ఇప్పుడు సిరప్పు తాగిస్తే నీళ్ళతో పుక్కిలించమంటున్నాను. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. తోమవలసింది పెద్దలే. మీ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పేస్టు సంగతి దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి.

కిందటి నెలలో ఆ నల్లపళ్ళలో మొదటిది ఊడింది. మా ఆవిడ దానిని మనవరాలి చేత ఇంటి కప్పు మీదకు విసిరించింది. ఖాళీలో కొత్త పన్ను అంచు తెల్లగా కనిపిస్తోంది.