మంచు ఎడారిలో బ్రకోలీ

మార్చి నెల. లేహ్‌ చుట్టుపక్కల పల్లెల్లో పొలాలింకా గడ్డకట్టే ఉంటాయి. అయినా ఇంటి పక్కనున్న మట్టి గోడల గదిలోకి తల వంచి అడుగుపెడితే... గుప్పున తడిమట్టి వాసన! పాలకూర, కొత్తిమీర మడుల పక్కన బ్రకోలీ మొక్కలు.

సుమారు 3,500 మీటర్ల ఎత్తునున్న ఊరది. చలికాలం రాత్రుళ్లు మైనస్‌ 20 డిగ్రీల దాకా పడిపోతుంది. ఏడాది మొత్తమ్మీద వాన 100 మిల్లీమీటర్లు. జొజిలా లాంటి కనుమలు మంచుతో మూసుకుపోతే ఒకప్పుడు దాదాపు ఆరు నెలలు కూరగాయల లారీ వచ్చేది కాదు. నేలమాళిగలో దాచిన బంగాళాదుంపలు, ముల్లంగి, ఎండబెట్టిన ఆకులే దిక్కు. విమానంలో దిగినవి కొనాలంటే జేబు తడుముకోవాల్సిందే. ఇటీవలి సంవత్సరాల్లో దారులు ముందే తెరుస్తున్నా పెరటి పచ్చదనం విలువ తగ్గలేదు.

ఎండకు మాత్రం లోటులేదు. ఏడాదిలో 300 రోజులకు పైగా కాస్తుంది. దాన్ని పట్టి దాచుకోవడమే ఈ గది పని. దక్షిణం వైపు మందపాటి పాలిథిన్‌ షీటు. మిగతా మూడు వైపులా పచ్చి ఇటుకల జంట గోడలు, మధ్య సందులో గడ్డి. పగలు గోడలు వేడి తాగుతాయి, రాత్రి వదులుతాయి. పొద్దుగూకగానే షీటుకు గుడ్డ తెర దించుతారు. కరెంటుతో, కట్టెలతో పనిలేదు. జెరెస్‌ అనే ఫ్రెంచి సంస్థ స్థానిక సంస్థలతో కలిసి ఇలాంటివి వందలాదిగా కట్టించి 2009లో యాష్‌డెన్‌ అవార్డు అందుకుంది. లేహ్‌లోని డీఆర్‌డీవో పరిశోధన సంస్థది ఇంకా చవక పద్ధతి: నేలలో గొయ్యి తవ్వి పైన పాలిథిన్‌ కప్పడమే.

పాలకూర ఎలా చల్లినా వస్తుంది. బ్రకోలీకే గారాబం ఎక్కువ. ఫిబ్రవరి, మార్చిలలో నారు పోసి, నాలుగైదు ఆకులు రాగానే మడిలోకి మారుస్తారు. లేతప్రాయంలో వారం పదిరోజులు గట్టి చలి తగిలిందా, మొక్క బెదిరిపోయి చొక్కా గుండీ అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. ఇక దానికి మందు లేదు, పీకి పశువుకు వేయడమే. పోనీ అని తలుపు బిగించి ఉంచితే ఏప్రిల్‌ మధ్యాహ్నానికి లోపల 30 డిగ్రీలు దాటి, బిగువుగా ఉండాల్సిన మొగ్గలు పసుపు పూలై విచ్చుకుంటాయి. మన దగ్గర కాలీఫ్లవర్‌ రైతు చలి కోసం ఎదురుచూస్తాడు. ఇక్కడ అమాలే (ఇంటి తల్లిని అలా పిలుస్తారు) చలికీ ఎండకీ మధ్య తలుపు పట్టుకుని నిలబడుతుంది. పొద్దెక్కాక తెరవాలి, కొండ నీడ పెరట్లోకి దిగకముందే మూయాలి. ఆ మూసే వేళ తప్పిందో, పగలంతా కూడబెట్టిన వెచ్చదనం గాలిపాలు!

నీళ్ల సంగతి మరో తంటా. మంచు కరిగి కాలువలు పారడానికి ఇంకా టైముంటుంది. అందాకా ఊట దగ్గర్నుంచి బకెట్లతో మోయాల్సిందే. ఎరువుకు కొదవలేదు. లద్దాఖీ ఇళ్లలో నీళ్లు వాడని మరుగుదొడ్డి కింద మట్టితో కలిసి మాగినదే పొలానికి బలం. వినడానికి అదోలా ఉన్నా తరతరాలుగా ఆ నేలను నిలబెట్టింది అదే.

మే నెలలో పర్యాటకులు దిగుతారు. బయటి పొలంలో బ్రకోలీ అప్పటికింకా నారే. అందుకే గదిలో కోసిన తొలి పువ్వు ఇంట్లో తుక్పా గిన్నెలో పడితే, మిగతావి లేహ్‌ బజారు అంచున కూరలమ్మే ఆడవాళ్ల బుట్టల్లోకి చేరతాయి. పువ్వు కోసినా మొక్కను పీకరు. పక్కనుంచి చిన్న చిన్న పిలకలేసి మళ్లీ పూస్తుంది. ఈలోగా టమాటా నారు ఆ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని మూలన కాచుకుని ఉంటుంది.